నగర చెరువులో కేబుల్ వేక్‌బోర్డింగ్: అనుమతుల మొదటి మెట్టు ఏది?

హైదరాబాద్ శివార్లలోని ఒక చెరువుపై కేబుల్ వేక్‌బోర్డింగ్ (టవర్ల మధ్య నడిచే తీగ లాగుతుంటే పలకపై నిలబడి నీటిమీద జారే ఆట) పార్కు పెట్టాలని మేము ముగ్గురు మిత్రులం ఆలోచిస్తున్నాము. 1960ల నుంచి జర్మనీలో వాడుకలో ఉన్న పెద్ద వ్యవస్థకు ఐదారు టవర్లు కావాలి. మాకు రెండు టవర్ల మధ్య విద్యుత్ మోటారుతో అటూ ఇటూ నడిచేది చాలు. పడవ ఉండదు కనుక డీజిల్ చుక్క కూడా నీటిలో పడదు. చిక్కంతా ఒడ్డు దగ్గరే. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్ల బఫర్‌లో కట్టడాలు కుదరవు; మరి నేలలోని యాంకర్లకు తీగలతో బిగించి, కావాలన్నప్పుడు ఊడదీయగల టవరును కూడా కట్టడంగానే లెక్కిస్తారా? ముందుగా అడగవలసింది నీటిపారుదల శాఖనా, పర్యాటక శాఖనా?

రెండో సందేహం నీటి గురించి. మొన్న తెప్ప మీద వెళ్లి వెదురు గడతో లోతు చూస్తే, గుర్రపుడెక్క వేళ్లతో పాటు ఏదో నిమజ్జన విగ్రహానిదై ఉంటుంది, వంగిన ఇనుప చువ్వ ఒకటి తగులుకుని పైకి వచ్చింది. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో పడిపోయే మనిషికి అడుగున ఇలాంటివి ఎదురుకాకూడదు కదా! బహిరంగ స్నానానికి నిర్దేశించిన ‘బి’ తరగతి ప్రమాణం, అంటే 100 మిల్లీలీటర్లకు కోలిఫాం (మురుగు కలిసిందని సూచించే బ్యాక్టీరియా) 500 మించకపోవడం, మురుగు చేరే చెరువులో ఆచరణసాధ్యమేనా? ఇటువంటి పని చేయించినవారు దయచేసి వివరించగలరు.