అప్‌డేట్: పర్లాకిమిడి దగ్గర మామిడిలో ఎండిన ఆకు ముద్దలు గూడు పురుగువే

ముదురు చెట్ల కొమ్మ చివర్లలో ఆకులు ముద్దగా అతుక్కుని ఎండిపోతున్నాయి, మచ్చ తెగులా, ఎర్ర చీమలా అని ఇంతకుముందు ఒక పోస్టులో అడిగాను. గూడు విప్పి చూడమన్నవారికి చాలా థాంక్స్. అసలు సంగతి లోపలే ఉంది.

చీమల గూట్లో ఆకులు పచ్చగానే ఉంటాయి, అంచులు తెల్లటి పట్టుతో కుట్టినట్టుంటాయి. మా చెట్ల గూళ్లలో మాత్రం ఆకులు గోధుమరంగుకి ఎండిపోయి, బూజులాంటి దారాల నిండా నల్లటి రెట్ట గుళికలు. కదిలిస్తే పురుగు గబగబా వెనక్కి పాకుతుంది, లేదా దారం పట్టుకుని వేలాడుతుంది. కేవీకే (కృషి విజ్ఞాన కేంద్రం) శాస్త్రవేత్త కూడా ఇది ఆకు గూడు పురుగేనని చెప్పారు.

రెక్కల పురుగు ఆకుల మీద గుడ్లు పెడుతుంది, సుమారు వారంలో పగులుతాయి. పిల్ల పురుగులు ముందు ఆకు పైపొర గీకి తింటాయి, పెరిగాక ఆకుల్ని కలిపి అల్లేసి ఈనెలు మాత్రం మిగులుస్తాయి. ఈ దశ 15 నుంచి 33 రోజులు. కోశస్థ దశ (పురుగు రెక్కల పురుగుగా మారే ముందు కదలకుండా ఉండే దశ) గూట్లోనే. చలికాలపు చివరి తరం మాత్రం మట్టిలోకి దిగుతుంది. అందుకే చెట్టు కింద దున్నాలి.

పనిచేసింది: పొడవాటి కర్రకి కొక్కెం కట్టి గూళ్లు లాగి కాల్చడం, తర్వాత క్వినాల్‌ఫాస్ 25 ఈసీ (ద్రవ పురుగుమందు) లీటరు నీటికి 2 మి.లీ. కలిపి కొట్టడం. గూళ్లు తీయకుండా కొడితే మందు లోపలికి దిగదు. కాపర్ ఆక్సీక్లోరైడ్ తెగుళ్ల మందు కాబట్టి దీనికి దండగ. గుబురు కొమ్మలు కోతయ్యాక కత్తిరించి వెలుతురు ఇవ్వాలి.