నా పేరుతో సభ్యులకు మోసపు మెసేజ్‌లు, ఆపేదెలా?

టెలిగ్రామ్‌లో 600 మంది ఉన్న గ్రూపుకి అడ్మిన్‌ని. మూడు వారాలుగా ఎవరో నా పేరు, నా ఫొటో పెట్టుకుని, గ్రూపులో ఎవరైనా సందేహం అడిగిన పది నిమిషాల్లోపే వాళ్లకి విడిగా మెసేజ్ పెట్టి, సాయం చేస్తానంటూ ఓటీపీ అడుగుతున్నారు. యూజర్‌నేమ్‌లో చిన్న ఎల్ బదులు పెద్ద ఐ, అంతే తేడా, మామూలుగా చూస్తే కంటికి ఆనదు.

రిపోర్ట్ కొట్టాం, సభ్యుల లిస్టు దాచే సెట్టింగ్ ఆన్ చేశాం, ‘అడ్మిన్ తనంతట తాను మెసేజ్ పెట్టడు’ అని పిన్ కూడా చేశాం (పిన్ ఎవరు చదువుతారు లెండి). అయినా రెండు రోజులకో కొత్త అకౌంట్. లిస్టు దాచినా, గ్రూపులో రాసినవాళ్లు అందరికీ కనబడతారు కదా, అక్కడే పట్టుకుంటున్నట్టున్నారు. కొత్తగా చేరేవాళ్లకి అప్రూవల్ పెట్టాను గానీ, ఆ దొంగ ఇప్పటికే వేరే పేరుతో లోపల ఉన్నాడని నా అనుమానం.

ఒక్క మాటా రాయకుండా చూస్తూ కూర్చున్న అలాంటి అకౌంట్‌ని మీలో ఎవరైనా పట్టుకున్నారా, ఎలా?