గుర్రాలను తీసుకెళ్లే బండికి రోడ్‌సైడ్ అసిస్టెన్స్ కట్టడం వల్ల నిజంగా ప్రయోజనం ఉందా?

జామి గుర్రపుశాల (ప్రశ్న)

మాది విజయనగరం జిల్లా జామి మండలం. పెళ్లి ఊరేగింపులకు, గ్రామదేవతల పండుగలకు గుర్రాలను పంపడం మా నాన్నగారి కాలం నుంచి మా ఇంటి వృత్తి. వాటిని తరలించడానికి బొలెరో పికప్‌కు ఎత్తయిన ఇనుప బాడీ కట్టించుకున్నాము. ఒక్కో ప్రయాణంలో రెండు గుర్రాలు, ఒక కాపరి, డ్రైవరు ఉంటారు. ఒకవైపు గజపతినగరం, సాలూరు దాకా, మరొకవైపు నరసన్నపేట, పలాస, ఇచ్ఛాపురం దాకా వెళ్తాము. ముహూర్తాల రోజుల్లో ఊరేగింపు ముగిసేసరికి అర్ధరాత్రి దాటుతుంది కనుక తిరుగు ప్రయాణమంతా చీకట్లోనే సాగుతుంది.

ఈ నెలలో బండి ఇన్సూరెన్స్ రెన్యువల్ చేయించాలి. ఇంకొంత సొమ్ము కలిపి కడితే రోడ్‌సైడ్ అసిస్టెన్స్ కూడా వస్తుందని, ఎక్కడ ఆగిపోయినా ఒక్క ఫోన్ చేస్తే మనిషి వచ్చి చూస్తాడని ఏజెంటు చెబుతున్నారు. అడుగుతున్న సొమ్ము పెద్దదేమీ కాదు. అయితే బండిలో ప్రాణంతో ఉన్న గుర్రాలు నిలబడి ఉండగా వచ్చేవారు పని చేస్తారా, రాజాం, పాలకొండ రోడ్ల మీద ఆగిపోతే అక్కడికి వస్తారా అని అడిగితే ఆయన దగ్గర సూటిగా సమాధానం లేదు. ఒకదాని వెనక ఒకటిగా రెండు జతల చక్రాలుండే గుర్రపు ట్రైలర్ ఒకటి తయారు చేయించాలన్న ఆలోచన కూడా ఉంది. పశువులను తరలించే అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

చిలకపాలెం ట్రాన్స్‌పోర్టు (మొదటి జవాబు)

మీరు ఏజెంటును అడిగిన ప్రశ్న సరైనదే కాని, దానికి జవాబు ఆయన దగ్గర కాకుండా పాలసీ కాగితంలో వెతకాలి. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ అనేది సొంత వాహనానికి జరిగే నష్టాన్ని కూడా భరించే పాలసీ మీద అదనంగా చేర్చుకునే రక్షణ కనుక, మీది కేవలం థర్డ్ పార్టీ పాలసీ అయితే ఈ చర్చే అక్కరలేదు. తరువాత చూడవలసింది, ఆ రక్షణ సరుకు రవాణా వాహనాలకు వర్తిస్తుందా లేదా అన్నది. కార్ల కోసం రాసిన షరతులనే చూపించి పికప్‌లకు అమ్మే ఏజెంట్లు ఉన్నారు. వాణిజ్య వాహనమని తేలగానే ఫోన్‌లో అవతలి గొంతు మారిపోతుంది.

ఆ షరతుల్లో మూడు చోట్ల వేలు పెట్టి చదవండి. బండిని లాక్కెళ్లడానికి ఎన్ని కిలోమీటర్ల వరకు సొమ్ము అడగరో, ఏడాదికి ఎన్నిసార్లు పిలవవచ్చో, సరుకు నింపి ఉన్న బండి విషయంలో ఏమి రాశారో చూడాలి. సరుకు దించి బండిని ఖాళీగా అప్పగించే బాధ్యత వాహనదారుడిదేనన్న వాక్యం ఉంటే, మీ విషయంలో ఆ సరుకు గుర్రాలే. టైరు పంక్చర్ అయితే వచ్చే మనిషి చాలాసార్లు మోటారు సైకిల్ మీద పనిముట్ల సంచితో వస్తాడు. మీ స్టెప్నీని మీ బండికి బిగించి వెళ్లిపోతాడే తప్ప కొత్త టైరు తీసుకురాడు. డీజిల్ తెచ్చినా డీజిల్ ఖర్చు మీదే. బ్యాటరీ దిగిపోవడం, తాళం లోపల ఉండిపోవడం వంటి చిన్న కష్టాలకు మాత్రం ఈ సేవ బాగానే పనికివస్తుంది.

ఇక మీరు డబ్బు కట్టకుండానే పొందగల సహాయం ఒకటి ఉంది. జాతీయ రహదారుల సంస్థ 1033 నంబరు రాత్రింబవళ్లు పనిచేస్తుంది. 16వ నంబరు జాతీయ రహదారి మీద, అంటే రణస్థలం నుంచి శ్రీకాకుళం, టెక్కలి, పలాస మీదుగా ఇచ్ఛాపురం దాకా బండి ఎక్కడ ఆగినా ఆ నంబరుకు చెబితే గస్తీ వాహనం, అవసరమైతే క్రేన్ వచ్చి, దగ్గరలోని సురక్షితమైన చోటుకు ఉచితంగా చేరుస్తాయి. మడపాం, నాతవలస టోల్ గేట్లలో ఇచ్చే రసీదుల మీద కూడా క్రేన్, అంబులెన్స్ నంబర్లు అచ్చు వేసి ఉంటాయి. రసీదును పారేయకుండా ఉంచుకోమని మా డ్రైవర్లకు చెబుతూ ఉంటాను. మీ ప్రయాణాల్లో ఎక్కువ భాగం ఈ రహదారి మీదే అయితే, ఏజెంటు అమ్ముతున్నదానిలో సగం మీకు ఇప్పటికే ఉన్నట్టే. రాజాం, పాలకొండ వైపు రాష్ట్ర రహదారుల మీద 1033 ఆదుకోదు. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కే 26వ నంబరు రహదారి జాతీయ రహదారే అయినా, కొండ మలుపుల్లో ఫోన్ కలవడం, క్రేన్ చేరడం మైదానంలో చేరినంత తేలిక కాదు. అందుకని సేవ కొనాలా వద్దా అన్నది మీరు ఏ దారిన ఎక్కువగా తిరుగుతారన్నదాని మీద ఆధారపడుతుంది.

ఇంకొక మాట, మీరు అడగకపోయినా చెప్పవలసినది. మీరు కట్టించిన ఎత్తయిన బాడీ బండి ఆర్‌సీలో నమోదై ఉందో లేదో చూసుకోండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా చేసిన మార్పులు చెల్లవు. అటువంటి బండికి పెద్ద నష్టం జరిగిన రోజున ఇన్సూరెన్స్ వారు మొదట చూసేది దానినే.

శ్రీకాకుళం పశువైద్యుడు (రెండవ జవాబు)

పైన రాసినవారు బండి గురించి చెప్పవలసినదంతా చెప్పారు కనుక నేను గుర్రాల గురించి మాత్రమే రాస్తాను. నా ఉద్దేశంలో ఈ సేవల లోపం అంతా ఇక్కడే ఉంది. అవి వాహనాన్ని చూసుకుంటాయి, లోపల ఉన్న ప్రాణిని కాదు.

బండి కదులుతున్నంతసేపు గాలి ఆడుతుంది. ఆగిన మరుక్షణం నుంచి, ముఖ్యంగా ఇనుప రేకు బాడీలో, వేడి పెరగడం మొదలవుతుంది. మే నెలలో మధ్యాహ్నం మన ప్రాంతంలో సముద్రపు గాలిలోని ఉక్కపోత కూడా తోడైతే చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. అందుకని బండి ఆగిపోగానే చేయవలసిన మొదటి పని ఫోన్ చేయడం కాదు, వీలైతే బండిని నీడకు చేర్చి పక్క కిటికీలు, పైకప్పు తెరలు తెరవడం. ఒక గుర్రం మామూలు రోజుల్లోనే 25 నుంచి 40 లీటర్ల నీరు తాగుతుంది, ఎండల్లో ఇంకా ఎక్కువ కావాలి. రెండు గుర్రాలకు సరిపడా నీళ్ల డబ్బాలు, ఒక బకెట్ బండిలో లేకుండా బయలుదేరడం తగదు. తలను ఎత్తుగా కట్టి గంటల తరబడి నిలబెట్టడం వల్ల ముక్కులోని, గొంతులోని స్రావాలు దిగక ఊపిరితిత్తులకు వ్యాధి సోకే ప్రమాదం ఉంది కనుక, బండి ఆగినప్పుడు పగ్గం వదులు చేసి తల దించుకోనివ్వాలి. బెదిరిపోతోందని మత్తు ఇంజక్షన్ సొంతంగా ఇవ్వడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. మత్తులో ఉన్న జంతువు కదిలే బండిలో నిలదొక్కుకోలేదు.

రహదారి అంచున గుర్రాన్ని దించాలన్న ఆలోచన చాలామందికి వస్తుంది. లారీల హారన్ల మధ్య దించిన గుర్రం ఎటు దూకుతుందో ఎవరూ చెప్పలేరు, దిగినది మళ్లీ ఎక్కడానికి ఒప్పుకోకపోవచ్చు. అగ్ని ప్రమాదం వంటిది తప్ప మరే కారణానికీ రోడ్డు మీద దించవద్దు.

బండిని క్రేన్‌తో లాక్కెళ్లేటప్పుడు ముందు చక్రాలను పైకి ఎత్తి లాగుతారు. అప్పుడు లోపలి నేల వెనక్కి వాలుతుంది, 300, 400 కిలోల జంతువులు వెనక తలుపు మీదికి జారుతాయి. కనుక లాగించుకోవలసి వస్తే గుర్రాలను ముందుగా వేరే బండిలోకి మార్చి తీరాలి. రెండు బండ్లనూ వెనక తలుపులు ఎదురెదురుగా ఆనించి, మధ్యలో గట్టి పలక వేసి దాటించడం ఒక పద్ధతి. అది కుదరకపోతే బండి లోపలి నేలతో సమానమైన ఎత్తులో గట్టు ఉన్న చోటుకు వెళ్లాలి. నారాయణవలస, మానాపురం, అలమండ సంతల దారుల్లో పశువులను దించే చోట్లు మీకు నాకంటే బాగా తెలిసి ఉంటాయి. ఆ రెండవ బండిని ఏ రోడ్‌సైడ్ అసిస్టెన్స్ వారూ మీకు పంపరు.

జంతువుకు దెబ్బ తగిలినా, కడుపు నొప్పి లక్షణాలు కనిపించినా 1962కు ఫోన్ చేయండి. 2022 నుంచి మన రాష్ట్రంలో నడుస్తున్న సంచార పశువైద్య వాహనాల నంబరు అది. విజయనగరం వైపు ఉన్నప్పుడు గరివిడిలోని పశువైద్య కళాశాలను కూడా గుర్తుంచుకోండి. ప్రయాణానికి ముందు తీసుకునే ఆరోగ్య ధ్రువపత్రం డ్రైవరు చేతిలో ఉండాలి. దారిలో బండి మారితే రాత్రిపూట పోలీసులు అడిగే మొదటి ప్రశ్న దాని గురించే.

టెక్కలి మెకానిక్ (మూడవ జవాబు)

నేను సూటిగా చెబుతాను: వద్దు, ఆ డబ్బు టైర్లకు పెట్టండి. పశువుల బండ్లు మా షెడ్డుకు వచ్చే కారణాలు చూస్తే, వాటిలో ఎక్కువ ముందే కనిపించేవే. టైరు పక్క గోడ మీద నాలుగు అంకెలు ఉంటాయి, మొదటి రెండూ వారాన్ని, చివరి రెండూ సంవత్సరాన్ని చెబుతాయి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైన టైరు. పైన గీతలు ఎంత బాగా కనిపించినా అంత పాత టైరును గుర్రాల బండికి నేను వేయను. చక్రాల బేరింగులకు గ్రీజు, కమాన్ పట్టీల బోల్టులు, బ్రేకు పైపులు చూపించుకోవడానికి అరపూట చాలు.

గుర్రాలు కదులుతూ ఉన్న బండికి జాకీ పెట్టి ఎత్తడానికి తెలివైన మెకానిక్ ఎవరూ ఒప్పుకోరు, కంపెనీ పంపిన మనిషి అసలే ఒప్పుకోడు. జంతువు ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చినా జాకీ పక్కకు తిరుగుతుంది. తప్పనిసరై ఎత్తవలసి వస్తే కింద వెడల్పాటి చెక్క, మిగతా చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు, గుర్రాల తలల దగ్గర కాపరి ఉండాలి. అవన్నీ మీ బండిలోనే ఉండాలి, ఫోన్ చేస్తే వచ్చేవి కావు.

ఆమదాలవలస ప్రవాసి (నాల్గవ జవాబు)

ఊరి చర్చ కాబట్టి దూరం నుంచే ఒక మాట రాస్తున్నాను. నేను ఉంటున్న అమెరికాలో గుర్రపు ట్రైలర్లు లాగేవారికోసమే యూఎస్‌రైడర్ అనే సభ్యత్వ సేవ ఉంది. లాగే బండికీ, వెనక ఉన్న ట్రైలర్‌కూ కలిపి, లోపల గుర్రాలు ఉండగా కూడా సహాయం చేస్తారు. దగ్గరలోని పశువైద్యుడు, నాడాలు కొట్టేవాడు, రాత్రికి గుర్రాన్ని కట్టడానికి శాల ఎక్కడ దొరుకుతాయో చెబుతారు. ఇక్కడి మామూలు కార్ల సేవల్లో అదంతా దొరకదు కనుకనే గుర్రాలవారు దానికి విడిగా డబ్బు కడతారు. మన దగ్గర ఏజెంటు చూపిస్తున్నది ఆ కార్ల సేవ లాంటిదే గాని ఇది కాదు. రెండింటినీ రోడ్‌సైడ్ అసిస్టెన్స్ అనే అనడంతో అంతర్జాలంలో అమెరికావారి అభిప్రాయాలు చదివి మన దగ్గర కొనే ప్రమాదం ఉందని చెప్పాలనిపించింది.

జామి గుర్రపుశాల

అందరికీ కృతజ్ఞతలు. పాలసీ షరతుల కాగితం పంపమని ఏజెంటుకు చెప్పాను. వాణిజ్య వాహనమని, ప్రాణంతో ఉన్న జంతువులు ఉంటాయని రాతపూర్వకంగా అడిగాను. ఆర్‌సీలో బాడీ మార్పు నమోదై ఉంది. రెండవ బండి విషయంలో మాత్రం పశువైద్యుల మాట నన్ను ఆలోచనలో పడేసింది. నెల్లిమర్లలోనూ నరసన్నపేటలోనూ పశువులను తోలే పికప్ యజమానులు తెలిసినవారే ఉన్నారు, రాత్రి పిలిస్తే వచ్చేందుకు ముందే ధర మాట్లాడి ఉంచుకోవడం మంచిదనిపిస్తోంది. ట్రైలర్ గురించి ఎవరూ చెప్పలేదు. అది కొంటే ఈ లెక్క మారుతుందా?

చిలకపాలెం ట్రాన్స్‌పోర్టు

మారుతుంది. ట్రైలర్‌కు విడిగా రిజిస్ట్రేషన్, విడిగా ఇన్సూరెన్స్ కావాలి. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ రాసేది పికప్ నంబరు మీద కనుక, ట్రైలర్ టైరు పేలితే అది తమ బండి కాదనే అంటారు. ట్రైలర్ చక్రం కొలత పికప్ చక్రం కొలతతో కలవకపోతే దానికి వేరే స్టెప్నీ మోయాలి. తయారు చేయించేటప్పుడే రెండింటికీ ఒకే చక్రం పట్టేలా చూడమని చెప్పండి. రెండు చక్రాల జతలు ఉండటంలో ఒక మేలు ఉంది: పంక్చర్ అయిన చక్రానికి అదే వైపున ముందో వెనకో ఉన్న మంచి చక్రాన్ని వాలుగా చెక్కిన దుంగ మీదికి ఎక్కిస్తే, పాడైన చక్రం నేల నుంచి లేస్తుంది. జాకీ లేకుండా, గుర్రాలను దించకుండా మార్చవచ్చు.

కొలతల విషయంలో వర్క్‌షాపువారు చెప్పింది వినకండి. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో ఒక్కో గుర్రానికి 2.25 చదరపు మీటర్ల చోటు, మధ్యలో శాశ్వతమైన అడ్డుగోడలు ఉండాలని ఉంది. జంతువుల రవాణా నియమాలు 1978 గుర్రాల బండిని గంటకు 35 కిలోమీటర్లకు మించి నడపవద్దంటాయి. ఇచ్ఛాపురం ముహూర్తానికి ఎన్ని గంటలకు బయలుదేరాలో ఆ లెక్కన చూసుకోండి. పికప్ యజమానులతో ధర మాట్లాడేటప్పుడు తిరుగు ప్రయాణం ఖాళీగా వచ్చినా ఎంత ఇవ్వాలో కూడా తేల్చుకోండి. రాత్రి రెండు గంటలకు రోడ్డు మీద బేరం ఆడే స్థితిలో మీరు ఉండరు.