సర్టిఫికెట్ రివోక్ (రద్దు) అయిందో లేదో కమాండ్ లైన్లో ఎలా చూడాలి? ఓసీఎస్‌పీ (రద్దయిందో లేదో అడిగితే చెప్పే సర్వర్) అడ్రస్ ఖాళీగా వస్తోంది

కూకట్‌పల్లి_కుర్రోడు:

అందరికీ నమస్తే, కొంచెం అర్జంటు. మొన్న రాత్రి నిద్రమత్తులో గిట్‌కి పుష్ చేస్తుంటే వెబ్‌సైట్ ప్రైవేట్ కీ (సర్టిఫికెట్‌కి జతగా ఉండే రహస్య తాళం) ఫైల్ కూడా వెళ్ళిపోయింది, అదీ పబ్లిక్ రిపోలోకి. పొద్దున మా టీమ్‌లో ఒకమ్మాయి చూసి చెప్పేదాకా నాకు తెలీదు. కాళ్ళూ చేతులూ ఆడలేదు. రిపో ప్రైవేట్ చేసేశా, సర్ట్‌బాట్‌లో (సర్టిఫికెట్లు తెచ్చిపెట్టే ప్రోగ్రామ్) ఫోర్స్ రెన్యూవల్ పెట్టి కొత్త సర్టిఫికెట్ తీసుకున్నా, ఆ తర్వాత సర్ట్‌బాట్ రివోక్ అని, సర్ట్ నేమ్ దగ్గర మా డొమైన్ పేరు, రీజన్ దగ్గర కీకాంప్రమైజ్ అని ఇచ్చా. సక్సెస్ అంది. ఫైల్స్ డిలీట్ చేసేయనా అని అడిగితే భయమేసి నో కొట్టా.

ఇప్పుడు మా లీడ్ పాత సర్టిఫికెట్ నిజంగా రివోక్ అయినట్టు ప్రూఫ్ కావాలంటున్నాడు. క్రోమ్‌లో సైట్ ఎప్పట్లానే ఓపెన్ అవుతోంది, వార్నింగ్ లేదు ఏం లేదు. ఓపెన్‌ఎస్ఎస్ఎల్ వెరిఫై కొడితే ఓకే అంటోంది. నెట్‌లో ఒక ఆర్టికల్ చూసి ఇది కూడా ట్రై చేశా:

ఓపెన్‌ఎస్ఎస్ఎల్ ఎక్స్509 -ఇన్ సర్ట్.పెమ్ -నోఅవుట్ -ఓసీఎస్‌పీ_యూఆర్ఐ

ఏమీ రావట్లా. ఎర్రర్ వచ్చినా బాగుండు, అదీ లేదు, ఊరికే ప్రాంప్ట్ వచ్చేస్తోంది. ఉబుంటు 22.04, లెట్స్ ఎన్‌క్రిప్ట్ (ఉచితంగా సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థ) సర్టిఫికెట్. రివోక్ అవ్వలేదంటారా?

బెజవాడ_బాష్:

నీ కమాండ్ కరెక్టే తమ్ముడూ, నువ్వు చదివిన ఆర్టికల్‌కి వయసైపోయింది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్ళు ఓసీఎస్‌పీ దుకాణం కట్టేశారు. 2025 మే 7 నుంచి ఇచ్చే సర్టిఫికెట్లలో ఆ అడ్రస్ పెట్టడమే మానేశారు, అదే ఏడాది ఆగస్టు 6న సర్వర్లే ఆపేశారు. ఏ ఐపీ నుంచి ఎవరు ఏ సైట్‌కి వెళ్తున్నారో ఓసీఎస్‌పీ సర్వర్ నడిపేవాడికి తెలిసిపోతుంది, అది వాళ్ళకి నచ్చలేదు, పైగా ఆ లోడ్ మోయడం కూడా మామూలు ఖర్చు కాదు. సీఏ బ్రౌజర్ ఫోరం (సర్టిఫికెట్లు ఇచ్చేవాళ్ళు, బ్రౌజర్లవాళ్ళు కలిసి రూల్స్ పెట్టుకునే సంఘం) రూల్సులో కూడా 2024 మార్చి 15 నుంచి ఓసీఎస్‌పీ ఇష్టమైతే పెట్టుకో, సీఆర్ఎల్ (రద్దయిన సర్టిఫికెట్ల జాబితా) మాత్రం ఉండాల్సిందే అని మార్చేశారు.

ఇక వెరిఫై ఓకే అన్నదాన్ని నమ్మకు. నువ్వు అడగకపోతే అది రివోకేషన్ జోలికే పోదు. రేషన్ కార్డు మీద పేరు, స్టాంపు చూసి సరేనన్నట్టన్నమాట, ఆ కార్డు రద్దయిందేమోనని రిజిస్టర్ తీసి చూడలేదు.

ఆ రిజిస్టరే సీఆర్ఎల్. ఇలా చెయ్యి, కమాండ్లు తెలుగులోనే రాస్తున్నా, ఫోన్లో కీబోర్డు మార్చే ఓపిక లేదు, టెర్మినల్లో ఇంగ్లీషులో కొట్టుకో. ముందు రిజిస్టర్ ఎక్కడుందో, సీరియల్ నంబర్ ఎంతో సర్టిఫికెట్నే అడుగు:

ఓపెన్‌ఎస్ఎస్ఎల్ ఎక్స్509 -ఇన్ సర్ట్.పెమ్ -నోఅవుట్ -సీరియల్ -ఎక్స్‌ట్ సీఆర్ఎల్‌డిస్ట్రిబ్యూషన్‌పాయింట్స్

డిస్ట్రిబ్యూషన్‌లో డీ, పాయింట్స్‌లో పీ క్యాపిటల్ ఉండాలి. హెచ్‌టీటీపీతో మొదలయ్యే అడ్రస్ ఒకటి వస్తుంది, ఎస్ లేదేంటని కంగారు పడకు, అది కావాలనే అలా పెడతారు. ఎస్ పెడితే ఆ సర్వర్ సర్టిఫికెట్ రివోక్ అయిందో లేదో చూడ్డానికి ఇంకో సర్వర్, దానికింకోటి, అలా తేలదు. సీఆర్ఎల్ ఫైల్‌కి సర్టిఫికెట్ ఇచ్చినవాళ్ళే సంతకం చేస్తారు కాబట్టి దారిలో ఎవడైనా మార్చినా దొరికిపోతాడు. ఆ అడ్రస్‌ని కర్ల్‌తో దించుకుని

ఓపెన్‌ఎస్ఎస్ఎల్ సీఆర్ఎల్ -ఇన్‌ఫార్మ్ డీఈఆర్ -ఇన్ జాబితా.సీఆర్ఎల్ -నోఅవుట్ -టెక్స్ట్

అని కొట్టి అందులో నీ సీరియల్‌ని గ్రెప్ చెయ్యి. ఇక్కడ నేను ఒకసారి గంటన్నర పోగొట్టుకున్నా, ఎక్స్509 టెక్స్ట్‌లో కనిపించే సీరియల్ చిన్న అక్షరాలు, మధ్యలో కోలన్లు, సీఆర్ఎల్ టెక్స్ట్‌లో మాత్రం పెద్ద అక్షరాలు, కోలన్లు లేకుండా అతుక్కుని ఉంటుంది. నేను కోలన్లతో వెతుక్కుంటూ లేదు లేదు అనుకుంటూ కూర్చున్నా. -సీరియల్ ఆప్షన్ ఇచ్చిందాన్నే కాపీ చేసుకో, సరిగ్గా సరిపోతుంది.

కూకట్‌పల్లి_కుర్రోడు:

అన్నా సూపర్!! వచ్చింది. సీరియల్ ఉంది, కింద రివోకేషన్ డేట్, దాని కింద కీ కాంప్రమైజ్ అని కూడా ఉంది. లీడ్‌కి స్క్రీన్‌షాట్ పంపేశా. థాంక్యూ థాంక్యూ.

సీరియల్_సీత:

ఆగండాగండి. లీడ్‌కి పంపిన మెసేజ్ డిలీట్ చేసే టైముంటే చేసేయండి ముందు.

మీరు మొదట రెన్యూ చేసి తర్వాత రివోక్ చేశానన్నారు, అదీ సర్ట్ నేమ్ ఇచ్చి. సర్ట్ నేమ్ ఇస్తే సర్ట్‌బాట్ లైవ్ ఫోల్డర్లో ఇప్పుడు ఏది ఉందో దాన్ని రివోక్ చేస్తుంది. రెన్యూ అయ్యాక లైవ్‌లో ఉండేది కొత్తది కదా. రివోకేషన్ డొమైన్ పేరుకి కాదు, ఒక్కో సీరియల్‌కి విడివిడిగా పడుతుంది. మీరు చూసిన సర్ట్.పెమ్ ఎక్కడిది, లైవ్‌దా ఆర్కైవ్‌దా?

ఊహలెందుకు, గిట్‌లోకి పోయిన కీ ఏ సర్టిఫికెట్‌దో తేల్చుకోండి. కీ నుంచి పబ్లిక్ కీ తీసి హ్యాష్ (వేలిముద్ర లాంటి కోడ్) చేయండి:

ఓపెన్‌ఎస్ఎస్ఎల్ పీకీ -ఇన్ లీకైన‌కీ.పెమ్ -పబ్‌అవుట్ | ఎస్‌హెచ్‌ఏ256సమ్

ఆర్కైవ్ ఫోల్డర్లో సర్ట్1, సర్ట్2 అలా వరసగా ఉంటాయి, ఒక్కోదానికి ఎక్స్509 -పబ్‌కీ -నోఅవుట్ ఇచ్చి అలాగే హ్యాష్ చేసి చూడండి, ఏది కలిస్తే అదే మీరు రివోక్ చేయాల్సింది. అలాగే సర్వర్ ఇప్పుడు జనానికి ఏది చూపిస్తోందో అది మూడో సంగతి:

ఓపెన్‌ఎస్ఎస్ఎల్ ఎస్_క్లయింట్ -కనెక్ట్ మీడొమైన్:443 -సర్వర్‌నేమ్ మీడొమైన్ < /డెవ్/నల్ | ఓపెన్‌ఎస్ఎస్ఎల్ ఎక్స్509 -నోఅవుట్ -సీరియల్

ఆ డెవ్ నల్ మర్చిపోతే కర్సర్ అలా మిటకరిస్తూ ఉండిపోతుంది, హ్యాంగ్ అయిందనుకోవద్దు, మీరేదో టైప్ చేస్తారని చూస్తుంటుంది అంతే.

కూకట్‌పల్లి_కుర్రోడు:

అక్కా... చచ్చాను.

లీకైన కీ సర్ట్7ది. లైవ్‌లో ఉన్నది సర్ట్8. సీఆర్ఎల్‌లో దొరికిన సీరియల్ సర్ట్8ది. అంటే కొత్తదాన్ని చంపేసి పాతదాన్ని వదిలేశా. ఇంకా ఘోరం ఏంటంటే ఎస్_క్లయింట్ చూపిస్తున్న సీరియల్ సర్ట్7ది, ఎంజిన్‌ఎక్స్ (మా వెబ్ సర్వర్) రీలోడ్ చేయడమే మర్చిపోయా, అది మెమరీలో పాతదే పట్టుకుని కూర్చుంది. లీకైన కీతోనే సైట్ రెండ్రోజులుగా నడుస్తోంది!!! అందుకే క్రోమ్ కిక్కురుమనలేదు.

సీరియల్_సీత:

పర్లేదు, ఫైల్స్ డిలీట్‌కి నో కొట్టారు చూశారా, అదే కాపాడింది. ఎస్ అని ఉంటే ఆ డొమైన్‌వి పాతవీ కొత్తవీ అన్నీ పోయేవి.

ఇంకోసారి ఫోర్స్ రెన్యూ చేయండి, సర్ట్9 వస్తుంది. ఎంజిన్‌ఎక్స్ రీలోడ్ చేసి ఎస్_క్లయింట్‌తో 9 సీరియల్ వస్తోందో లేదో చూసుకోండి. అప్పుడు రివోక్‌లో సర్ట్ నేమ్ వద్దు, --సర్ట్-పాత్ ఇచ్చి ఆర్కైవ్‌లో సర్ట్7, --కీ-పాత్ ఇచ్చి దాని ప్రైవ్‌కీ7. కీ పాత్ ఎందుకంటే, రిక్వెస్ట్ ఆ కీతోనే సంతకం అవుతుంది, కీ బయటపడిందనడానికి అదే రుజువు, ఆ కీతో ఇంకెవరూ సర్టిఫికెట్ తీసుకోకుండా వాళ్ళు బ్లాక్ చేస్తారు. మీ అకౌంట్‌తో రివోక్ చేస్తే ఆ ఒక్క సర్టిఫికెట్ పోతుంది అంతే. ఈసారీ డిలీట్‌కి నోనే.

అలాగని ఊరికే రెన్యూ కొడుతూ కూర్చోకండి, అవే పేర్లతో 7 రోజుల్లో 5 సర్టిఫికెట్లే ఇస్తారు, రివోక్ చేసినంత మాత్రాన ఆ లెక్క తగ్గదు.

సీఆర్ఎల్ అడ్రస్ కూడా సర్ట్7 నుంచే తీయండి. వాళ్ళ జాబితా ఒకే ఫైల్ కాదు, ముక్కలు ముక్కలుగా ఉంటుంది, 8ది ఒక ముక్కలో 7ది ఇంకో ముక్కలో ఉండొచ్చు. కనపడకపోతే ఫైల్లో లాస్ట్ అప్‌డేట్ చూడండి, అది జీఎంటీ, మన టైముకి ఐదున్నర గంటలు కలుపుకోవాలి. మీరు రివోక్ చేసిన టైముకన్నా ముందుదైతే కొత్త జాబితా ఇంకా రాలేదని అర్థం.

పాత_విండోస్_పంతులు:

మధ్యలో దూరుతున్నా, విండోస్‌లో అయితే ఇన్ని తిప్పలు లేవండీ, సర్ట్‌యూటిల్ -వెరిఫై -యూఆర్ఎల్‌ఫెచ్ అని ఫైల్ పేరు ఇస్తే అదే తెచ్చుకుని చూసి చెప్తుంది. కాకపోతే పాత సీఆర్ఎల్‌ని క్యాష్‌లో దాచుకుంటుంది, సర్ట్‌యూటిల్ -యూఆర్ఎల్‌క్యాష్ * డిలీట్ అని కొట్టి మళ్ళీ చూడాలి.

ఇంకోటి, కర్ల్‌లో --సర్ట్-స్టేటస్ అని ఉంది కదా అని ఎవరైనా అంటే వినకండి, అది సర్వర్ స్టేపుల్ చేసి (సర్టిఫికెట్‌తో పాటు జత చేసి) పంపిన ఓసీఎస్‌పీ జవాబునే చూస్తుంది, తనంతట తాను వెళ్ళి అడగదు.

బెజవాడ_బాష్:

సీత గారికి దండం, నేను సర్ట్.పెమ్ ఏదని అడక్కుండా కమాండ్లు పారేశా, నాదే తప్పు.

క్రోమ్ సంగతి ఒక ముక్క. తమ్ముడి కేసులో సరే, పాతది రివోకే అవ్వలేదు, కానీ అయ్యుంటే కూడా క్రోమ్ అరిచేదని గ్యారంటీ లేదు. 2012 నుంచే క్రోమ్ మామూలు సైట్లకి ఓసీఎస్‌పీ అడగడం మానేసింది, ముఖ్యమైన రివోకేషన్లని సీఆర్ఎల్‌సెట్ అని గూగుల్ వాళ్ళే పోగేసి బ్రౌజర్‌కి పంపుతారు. మన దేశం కథ గుర్తుందా, 2014 జులైలో ఎన్ఐసీ (కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ) ఇంటర్మీడియెట్‌తో (రూట్‌కీ సైట్ సర్టిఫికెట్‌కీ మధ్య ఉండి సంతకం పెట్టే సర్టిఫికెట్) గూగుల్ డొమైన్లకి అనధికారంగా సర్టిఫికెట్లు వచ్చాయని బయటపడితే గూగుల్ వాళ్ళు ఆ సీఆర్ఎల్‌సెట్‌తోనే బ్లాక్ చేశారు, జులై 3న మన సీసీఏ (దేశంలో సర్టిఫికెట్ సంస్థలపై నియంత్రణాధికారి) కూడా ఆ ఇంటర్మీడియెట్లని రద్దు చేసింది. అంత పెద్ద వాటికి పని చేస్తుంది గానీ మన కూకట్‌పల్లి సైట్ ఒక్కదాని కోసం ఎవడు పంపుతాడు. అందుకే బ్రౌజర్ చూసి డిసైడ్ అవ్వకూడదు.

డబ్బులు పెట్టి కొన్న సర్టిఫికెట్లలో చాలావాటికి ఓసీఎస్‌పీ ఇంకా ఉంది, వాళ్ళకి: ఓపెన్‌ఎస్ఎస్ఎల్ ఓసీఎస్‌పీ -ఇష్యూయర్ చెయిన్.పెమ్ -సర్ట్ సర్ట్.పెమ్ -యూఆర్ఎల్ ఆ అడ్రస్. గుడ్, రివోక్డ్, అన్‌నోన్ మూడిట్లో ఒకటి చెప్తుంది. అన్‌ఆథరైజ్డ్ అని వస్తే మన పర్మిషన్ సమస్య కాదు, చాలాసార్లు ఇష్యూయర్ తప్పు ఇచ్చి ఉంటాం, రూట్ ఇచ్చేస్తుంటారు జనం, సర్టిఫికెట్ మీద నేరుగా సంతకం పెట్టిన ఇంటర్మీడియెట్ ఇవ్వాలి. అసలు కనెక్టే అవ్వకపోతే సర్వర్ నుంచి బయటికి 80 పోర్టు మూసి ఉందేమో చూసుకోండి.

తమ్ముడూ, ప్రూఫ్‌కి గ్రెప్ కన్నా వెరిఫై మంచిది, గ్రెప్ సీఆర్ఎల్ సంతకం చూడదు. డీఈఆర్ (బైనరీ) ఫైల్‌ని పెమ్ (టెక్స్ట్) లోకి మార్చుకుని వెరిఫై -సీఆర్ఎల్_చెక్ -సీఆర్ఎల్‌ఫైల్ జాబితా.పెమ్ -అన్‌ట్రస్టెడ్ చెయిన్7.పెమ్ సర్ట్7.పెమ్ అని కొట్టు. ఎర్రర్ 44 వస్తే సీఆర్ఎల్ పరిధి కలవలేదని, అంటే వేరే ముక్క తెచ్చావని.

కూకట్‌పల్లి_కుర్రోడు:

అప్‌డేట్. మధ్యాహ్నం సర్ట్9 తీసుకుని రీలోడ్ చేశా, ఎస్_క్లయింట్‌లో 9 సీరియలే వస్తోంది. సర్ట్7ని కీ పాత్ ఇచ్చి రివోక్ చేశా. మొదట చూస్తే సీఆర్ఎల్‌లో లేదు, లాస్ట్ అప్‌డేట్ నేను రివోక్ చేయకముందుది, సీత గారు చెప్పినట్టే. భోజనం కూడా సరిగ్గా తినలేదు, మళ్ళీ మళ్ళీ దించి చూస్తూనే ఉన్నా. సాయంత్రం టీకి వెళ్ళొచ్చి కొడితే వచ్చింది: ఎర్రర్ 23, సర్టిఫికెట్ రివోక్డ్.

మొదటి స్క్రీన్‌షాట్ తప్పని లీడ్‌కి చెప్పి ఇది పంపా. చూసి "ఎర్రర్ అని వస్తోంది కదా, ఇదైనా సరిగ్గా చెయ్" అన్నాడు. ఇప్పుడు ఆయన క్యాబిన్‌కి వెళ్తున్నా.