డిమెన్షియా ఉన్న పెద్దలకు తోడుగా వెళ్లడానికి మాతృభాష ఒక్కటే అర్హతా?

ప్రశ్న
హైదరాబాద్‌లోని మా కాలనీలో డిమెన్షియాతో (జ్ఞాపకశక్తి, ఆలోచన క్రమంగా తగ్గిపోయే జబ్బుతో) ఉన్న పెద్దలు ఐదుగురున్నారు. వారానికి రెండు గంటలు వారితో తెలుగులో మాట్లాడేందుకు వాలంటీర్లను పిలవాలనుకుంటున్నాం. తెలుగు బాగా వస్తే చాలా, శిక్షణ కూడా తప్పనిసరి చేయాలా?

మొదటి అభిప్రాయం
శిక్షణ లేనివారిని దయచేసి పంపకండి. తొమ్మిదేళ్ల కిందట పోయిన మా నాన్నగారి గురించి అమ్మ ‘ఆయన ఇంకా రాలేదేం?’ అని అడిగితే, మంచి మనసుతోనే వచ్చిన ఒకామె ‘ఆయన పోయారు కదమ్మా’ అన్నారు. అమ్మకు అది అప్పుడే తెలిసిన వార్త. ఆ పూటంతా ఏడ్చింది. సొంత భాషలో విన్న మాట కాబట్టే అంతగా తగిలింది.

రెండవ అభిప్రాయం
మీ అమ్మగారికి జరిగినది చదివి బాధ కలిగింది. శిక్షణ ఉండాలన్న మాట నిజమే, అయినా భాషను రెండో స్థానానికి నెట్టడానికి నేను ఒప్పుకోలేను. నాలుగేళ్లుగా ఇలాంటి పెద్దల దగ్గరికి వెళ్తున్నాను. నల్లగొండ వైపు నుంచి వచ్చిన ఒక అవ్వను, శిక్షణ పొందిన సహాయకురాలు ‘అల్పాహారం తీసుకున్నారా?’ అని మూడుసార్లు అడిగినా ఆమె గోడవైపే చూస్తూ కూర్చుంది. ‘పొద్దుగాల ఏం తిన్నవ్ అవ్వా?’ అని నేను అడగగానే ‘గటక’ అని, తెడ్డు పట్టినట్టు పిడికిలి బిగించి, అడుగంటకుండా ఎలా కలపాలో గాలిలో తిప్పి చూపించింది. ఆ రోజు తిన్నది ఇడ్లీ అని నాకు తెలుసు, కానీ సరిదిద్దలేదు. అలా సరిదిద్దకుండా ఉండడం ఒక పూటలో నేర్పవచ్చు; యాసను ఏ తరగతిలోనూ ఒక పూటలో నేర్పలేం.

అయితే ఎవరి భాష ఏదో మనమే ఊహించుకోకూడదు. నరాల వైద్యురాలు డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం హైదరాబాద్‌లోని నిమ్స్ ఆసుపత్రిలో చేసి 2013లో ప్రచురించిన అధ్యయనం గురించి చెప్పేటప్పుడు, రెండు భాషలు వచ్చినవారిలో జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయన్న సంగతినే అందరూ ప్రస్తావిస్తారు. నాకు మాత్రం అందులోని 648 మందిలో 391 మంది ఒకటికి మించిన భాషలు మాట్లాడేవారు కావడం ఎక్కువ ముఖ్యంగా తోచింది. ఇంట్లో తెలుగు, దుకాణంలో దక్కనీ ఉర్దూ మాట్లాడుతూ బతికిన పెద్దాయనకు లెక్కలు ఏ భాషలో గుర్తుకొస్తాయో ఇంటివారినే అడగాలి.

‘ఆయన రాలేదేం?’ అన్నప్పుడు నేను పోయారనీ చెప్పను, వస్తారనీ చెప్పను. ‘ఆయనకు ఏ కూర ఇష్టమమ్మా?’ అని అడిగి, ఆమె చెప్పినంతసేపూ వింటాను.