పేరు దాచిన హోటల్ బేరాలు: అమ్మానాన్నలతో ప్రయాణానికి పనికొస్తాయా?

శాన్‌హొసే_వాసి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మా అమ్మానాన్నలు గుంటూరు నుంచి వచ్చి నెల దాటింది. వచ్చే నెల రెండో వారంలో వాళ్లను వెంటబెట్టుకుని కారులో లాస్ వేగస్, గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచు, తిరుగు దారిలో లాస్ ఏంజెలెస్ చూసి రావాలని అనుకుంటున్నాము. మేమిద్దరం, ఆరేళ్ల బాబు, అమ్మ, నాన్న, వెరసి అయిదుగురం. శుక్రవారం బయలుదేరి ఒక్కో చోట రెండేసి రాత్రుల చొప్పున ఆరు రాత్రులు ఉంటాము. ప్రతి రాత్రికీ రెండు గదులు కావాలి. మామూలు సైట్లలో వెతికితే గదుల ఖర్చే 1,800 డాలర్లు దాటుతోంది.

ప్రైస్‌లైన్ అనే బుకింగ్ సైటులోని ఎక్స్‌ప్రెస్ డీల్స్, హాట్‌వైర్‌లోని హాట్ రేట్స్ అనే బేరాలు ఎంచుకుంటే ఇందులో మూడో వంతు మిగులుతుందని ఆఫీసులో ఒక మిత్రుడు చెప్పారు. అక్కడ హోటల్ ఉన్న ప్రాంతమూ, నక్షత్రాల స్థాయీ, సదుపాయాలూ చూపిస్తారు గానీ డబ్బు కట్టేదాకా పేరు చెప్పరు. ఈ మాట వినగానే మా నాన్నగారు, పేరు ఊరు తెలియని సత్రానికి ముందే డబ్బు కట్టేవాడిని ఇప్పుడే చూస్తున్నానని నవ్వారు. ఆయనకు మోకాళ్ల నొప్పి ఉంది కాబట్టి లిఫ్టు కానీ కింది అంతస్తు కానీ తప్పనిసరి. అమ్మ బయటి తిండి ముట్టదు. గదిలో ఫ్రిజ్, మైక్రోవేవ్ ఉంటే పెరుగన్నంతో గడిపేస్తుంది. ఇలాంటి అవసరాలు ఉన్నవాళ్లు ఈ బేరాల జోలికి వెళ్లవచ్చా? మనమే ధర చెప్పి పాడుకునే పద్ధతి ఒకటి ఉండేదని కూడా విన్నాను, అది ఇప్పుడు ఎక్కడా కనిపించడం లేదు. అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరు.

పాతకాపు (జవాబు):

మీరు విన్న పద్ధతి పేరు నేమ్ యువర్ ఓన్ ప్రైస్. ప్రైస్‌లైన్ 1998లో మొదలైనప్పుడు దానికి పేరు తెచ్చింది ఇదే. ముందు విమాన టికెట్లకు పెట్టి, తరువాత హోటళ్లకూ అద్దె కార్లకూ విస్తరించారు. విమాన టికెట్లకు 2016లో ఆపేశారు, హోటళ్లకు కూడా ఆ తరువాత ఎత్తివేశారు. కాబట్టి ఇప్పుడు వెతికినా దొరకదు.

ఆ రోజుల్లో మా ఇంట్లో ఇదొక వ్యసనంగా ఉండేది. నగరాన్ని సైటువారే కొన్ని మండలాలుగా విడగొట్టి చూపేవారు. మనం మండలమూ, నక్షత్రాల స్థాయీ ఎంచుకుని, మన ధర వేసి, కార్డు నంబరు ముందే ఇవ్వాలి. ఏదైనా హోటల్ ఆ ధరకు ఒప్పుకుంటే ఆ క్షణమే డబ్బు పోతుంది, ఇక రద్దు అన్న మాటే లేదు. ఒప్పుకోకపోతే అదే పాటను మళ్లీ పాడటానికి ఒక రోజు ఆగాలి. ఆగకుండా పాడాలంటే ఏదో ఒకటి మార్చాలి, అంటే ఇంకో మండలమైనా కలపాలి, ఒక నక్షత్రమైనా తగ్గించాలి. ఇక్కడే ఒక కిటుకు ఉండేది. నాలుగు నక్షత్రాల హోటల్ ఒక్కటి కూడా లేని మండలాలు ఏవో ముందుగా తెలుసుకుని, వాటిని ఒక్కొక్కటిగా కలుపుకుంటూ పోతే, మనం కోరిన చోటు తప్ప వేరే చోట గది తగిలే ప్రమాదం లేకుండానే ధరను అయిదేసి డాలర్లు పెంచుకుంటూ పోవచ్చు. ఏ మండలంలో ఏ స్థాయి హోటళ్లు ఉన్నాయో, ఎవరి పాట ఎంతకు ఖాయమైందో జనం జాబితాలు రాసి పంచుకునేవారు. నేను ఒకసారి చికాగో నడిబొడ్డున నాలుగు నక్షత్రాల గదికి 60తో మొదలుపెట్టి, అయిదో పాటలో 80కి గెలిచాను. అదే గది హోటల్ సొంత సైటులో 190 ఉంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. 77కే వచ్చేదేమోనన్న దిగులుతో!

ఇప్పటి పేరు దాచిన బేరాలు దాని తమ్ముళ్లు అనుకోండి. తేడా ఏమిటంటే ఇక్కడ ధర వాళ్లే చెబుతారు, మన చేతిలో బేరం లేదు. హోటల్‌వాళ్లు పేరు దాచి ఎందుకు అమ్ముతారో తెలిస్తే ఎక్కడ లాభమో మీకే అర్థమవుతుంది. ఈ రాత్రి ఖాళీగా పడి ఉన్న గదిని రేపు అమ్ముకోలేరు. అలాగని పేరు పెట్టి ధర తగ్గిస్తే, రోజూ వచ్చే ఉద్యోగుల కంపెనీలు మాకూ అదే ధర ఇవ్వమంటాయి. అందుకని పేరు చూసి కొనని మనిషికి మాత్రమే చవకగా ఇస్తారు. అంటే గదులు మిగిలిపోయే ఊళ్లలో, మిగిలిపోయే రోజుల్లోనే ఈ బేరం నిజమైన బేరం.

రాత్రిడ్యూటీ (జవాబు):

నేను చదువుకునే రోజుల్లో టెక్సస్‌లో ఒక హోటల్ ఫ్రంట్ డెస్కు మీద రెండేళ్లు రాత్రి పని చేశాను. డెస్కుకు అవతలి వైపు నుంచి చూస్తే ఈ బుకింగులు ఎలా ఉంటాయో చెబుతాను.

మీరు ఎంత కట్టారో నాకు కనిపించదు. తెర మీద సైటు పేరు, మీ పేరు, ఎన్ని రాత్రులు అన్నది ఉంటాయి. గది డబ్బు సైటువారు ఇచ్చిన కార్డు నంబరు నుంచి తీసుకుంటాము, అది మీరు కట్టినదానికన్నా తక్కువే ఉంటుంది. అందుకే ఈ బుకింగులకు సాధారణంగా హోటల్ పాయింట్లు రావు, రద్దు చేయమని మమ్మల్ని అడిగినా మా చేతిలో ఉండదు, సైటువారినే అడగమంటాము.

అసలు సంగతి మంచం. ఈ పద్ధతిలో సాధారణంగా హామీ ఉండేది ఇద్దరు పెద్దవాళ్లు పడుకోగల గదికి మాత్రమే. రెండు మంచాల గది వస్తుందన్న హామీ లేదు, రెండు గదులు పక్కపక్కన వస్తాయన్న హామీ అంతకన్నా లేదు. మా హోటల్‌లో నేరుగా బుక్ చేసుకున్నవాళ్లకూ, తరచు వచ్చే సభ్యులకూ ముందు గదులు కేటాయించేవాళ్లం. మిగిలినవి, అంటే లిఫ్టు మోటారు పక్కదో ఐస్ యంత్రం ఎదురుగా ఉన్నదో, ఈ బుకింగులకు పోయేవి. అందులో దురుద్దేశం ఏమీ లేదు, వరుస అలా ఉండేది.

ఒక శనివారం రాత్రి పదకొండు దాటాక ఒక తెలుగు కుటుంబం వచ్చింది. భార్యాభర్తలు, వయసు మళ్లిన తల్లిదండ్రులు, చంకలో నిద్రపోతున్న పాప. ఒక్కటే గది కొన్నారు, అది కింగ్ మంచం ఒక్కటే ఉన్న గది. పెళ్లివారితో హోటల్ నిండిపోయి ఇంకో గది లేదు. ఆ పెద్దాయన నాతో ఏమీ అనలేదు. లాబీలో సోఫా చూపించి, తెల్లవారేదాకా ఇక్కడ కూర్చోవచ్చా బాబూ అని మాత్రం అడిగారు. అదనపు మంచం ఒకటి వెతికి తెచ్చి ఇచ్చాను గానీ, ఆ గదిలో అది వేశాక తలుపు పూర్తిగా తెరుచుకోలేదు.

కాబట్టి నా మాట ఇది. మీరూ మీ ఆవిడా ఇద్దరే వెళ్తే నిశ్చింతగా కొనండి. లిఫ్టు కావాలి, రెండు మంచాలు కావాలి, ఫ్రిజ్ కావాలి అన్న మూడు షరతులు ఉన్నవాళ్లు పేరు తెలిసిన హోటలే తీసుకోవాలి.

పద్దుపుస్తకం (జవాబు):

రాత్రిడ్యూటీ గారి మాట సబబే గానీ, కొంచెం ఎక్కువగా భయపెట్టారని నాకు అనిపిస్తోంది. ప్రైస్‌లైన్‌లో ప్రైస్‌బ్రేకర్స్ అని ఒకటి ఉంది: మూడు హోటళ్ల పేర్లు చూపించి, ఆ మూడింటిలో ఒకటి ఇస్తామంటారు. మూడింటికీ లిఫ్టూ ఫ్రిజ్జూ ఉన్నాయని చూసుకుంటే మీ సందేహంలో ముప్పాతిక తీరుతుంది. పేరు పూర్తిగా దాచినవాటిలో కూడా, చూపించిన నక్షత్రాలు, సమీక్షల సగటు, ఈత కొలను, ఉచిత పార్కింగు వంటి సదుపాయాల వరుసను అదే ప్రాంతంలో పేర్లతో ఉన్న హోటళ్లతో పోల్చి చూస్తే చాలాసార్లు ఏ హోటలో పట్టేయవచ్చు. చిన్న ఊళ్లలో ఆ స్థాయి హోటళ్లు రెండో మూడో ఉంటాయి కాబట్టి ఇంకా తేలిక. అయితే ఇది ఊహ మాత్రమే, తప్పితే డబ్బు వెనక్కి రాదు.

మంచం సంగతి మాత్రం నేను కాదనను.

ఇక మీ లెక్కకు వద్దాము. మీ ఖర్చు పెరగడానికి అసలు కారణం మీరు ఎంచుకున్న సైటు కాదు, మీ ప్రయాణపు వరుస. శుక్ర, శనివారాలు లాస్ వేగస్‌లో ఉండటమంటే ఆ ఊరి ధరలు వారంలో అన్నిటికన్నా మండిపోయే రోజుల్లో వెళ్లడం. అక్కడ దాదాపు లక్షన్నర హోటల్ గదులున్నా వారాంతంలో కాలిఫోర్నియా అంతా అక్కడే ఉంటుంది. పెద్ద సమావేశాలు ఏవీ లేని మంగళ, బుధవారాల్లో అవే గదులు సగం ధరకు కూడా దొరుకుతాయి. లాస్ ఏంజెలెస్ డౌన్‌టౌన్‌లో దీనికి తిరగేసిన పరిస్థితి. ఆఫీసు పని మీద వచ్చేవాళ్లు శుక్రవారం మధ్యాహ్నానికి వెళ్లిపోతారు కాబట్టి అక్కడి వ్యాపార హోటళ్లు శుక్ర, శనివారం రాత్రుల్లోనే ఖాళీ. మీ చక్రాన్ని తిప్పేయండి: శుక్ర, శనివారాలు లాస్ ఏంజెలెస్, ఆది, సోమవారాలు కాన్యన్, మంగళ, బుధవారాలు వేగస్. దారి అదే, మైళ్లు అవే. లాస్ ఏంజెలెస్ నుంచి కాన్యన్‌కు ఎనిమిది గంటల దాకా పడుతుంది, అది ఎటు నుంచి తిరిగినా తప్పదు.

వేగస్‌లో ఒక మెలిక ఉంది. గది 45 డాలర్లని చూసి సంతోషిస్తాము గానీ, దాని మీద రిసార్ట్ ఫీజు అని, సదుపాయాల పేరిట రాత్రికి మరో 40, 50 డాలర్లు వేసే హోటళ్లు చాలా ఉన్నాయి, చాలాచోట్ల దాన్ని డెస్కు దగ్గరే కట్టించుకుంటారు. తప్పనిసరి రుసుములన్నీ కలిపిన ధరనే ముందు చూపించాలని, వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పెట్టిన నిబంధన 2025 మే 12 నుంచి అమల్లో ఉంది, అందుకే ఇప్పుడు కొంత నయం. కానీ ప్రభుత్వ పన్నులను ఆ ధరలో కలపనవసరం లేదు, పార్కింగు ఐచ్ఛికం కాబట్టి అదీ అందులో రాదు. కారులో వెళ్తున్నారు కనుక లాస్ ఏంజెలెస్ డౌన్‌టౌన్‌లో రాత్రికి పార్కింగు ఎంతో ముందే చూడండి. గదిలో మిగిల్చింది అక్కడ పోతుంది.

నేను చేసే పని ఇది. ముందుగా రద్దు చేసుకోగల గదిని పేరు చూసి బుక్ చేసి పెట్టుకుంటాను. తరువాత మూడు నాలుగు రోజులకు ఒకసారి అదే హోటల్ ధర చూస్తాను. తగ్గితే కొత్తది బుక్ చేసి పాతది రద్దు చేస్తాను. వేరే సైటులో తక్కువ కనిపిస్తే, మారియట్, హిల్టన్ వంటివాటికి తమ సొంత సైటు ధరే తక్కువన్న హామీ ఉంది, ఆ ధర చూపించి అడిగితే దానికి సరిపెట్టి ఇంకొంత తగ్గిస్తారు. పేరు దాచిన బేరాలకు మాత్రం ఈ హామీ వర్తించదు. ఇలా తిప్పి తిప్పి నిరుడు మా వదినావాళ్లు వచ్చినప్పుడు నాలుగు రాత్రులకు 210 డాలర్లు తగ్గించాను.

శాన్‌హొసే_వాసి:

పాతకాపు గారికీ, రాత్రిడ్యూటీ గారికీ, పద్దుపుస్తకం గారికీ ధన్యవాదాలు. చక్రాన్ని తిప్పేయడం నాకు తట్టనే లేదు. నిన్న రాత్రి వరుస మార్చి చూస్తే, పేరు దాచిన బేరం ఒక్కటీ ముట్టుకోకుండానే మొత్తం 1,430కి దిగింది. వేగస్‌లో ఒక్క చోట మాత్రం ప్రైస్‌బ్రేకర్స్ ప్రయత్నిద్దామనుకుంటున్నాను, అక్కడ పెద్ద హోటళ్లన్నిటికీ లిఫ్టులు ఉంటాయి కదా. కాన్యన్ అంచు మీద ఉన్న వసతి గృహాలు ఈ సైట్లలో ఎక్కడా కనిపించడం లేదు, నేను సరిగ్గా వెతకడం లేదా?

పాతకాపు:

మీ వెతుకులాటలో లోపం లేదు. దక్షిణపు అంచున పార్కు లోపలి వసతులను పార్కు అనుమతి పొందిన సంస్థలే చాలా వరకు నేరుగా అమ్ముతాయి. వాటిలో ఒకటైన శాంటెర్రా నడిపేవాటిని 13 నెలల ముందు నుంచే బుక్ చేసుకోవచ్చు. అలా ముందే నిండిపోయే గదులకు తగ్గింపు ఇవ్వాల్సిన అవసరం ఎవరికీ లేదు. రద్దయిన గదులు అప్పుడప్పుడు తిరిగి వస్తుంటాయి కాబట్టి వాళ్ల సైటును రోజూ పొద్దునా సాయంత్రం చూడండి. దొరక్కపోతే పార్కు గేటు బయటే ఉన్న టుసాయన్ ఊళ్లో, లేదా గంట దూరంలోని విలియమ్స్ ఊళ్లో చూడండి. విలియమ్స్‌లో పాత మోటళ్లు చాలా వరకు రెండంతస్తులవి, లిఫ్టు ఉండదు, కాబట్టి నాన్నగారి కోసం కింది అంతస్తని బుకింగ్ చేసేటప్పుడే రాయండి.

రాత్రిడ్యూటీ:

రాయడంతో ఆపవద్దు, సైటులో రాసిన కోరిక డెస్కుదాకా రాకపోవడం నేను చాలాసార్లు చూశాను. వెళ్లే రోజు ఉదయం పది, పదకొండు గంటల మధ్య నేరుగా ఆ హోటల్‌కు ఫోన్ చేయండి. ఆ సమయానికి ఎవరెవరు ఖాళీ చేస్తున్నారో తెలిసి, గదులు ఇంకా పంచి ఉండరు. మోకాళ్ల నొప్పి ఉన్న పెద్దాయన వస్తున్నారని చెప్పి, ఫోన్ ఎత్తిన వ్యక్తి పేరు అడిగి రాసుకోండి. వేగస్‌లో బేరం గది తీసుకున్నా సరే, ఈ ఫోన్ మానవద్దు.