అతిథులతో జూమ్ ముఖాముఖీలు: వర్చువల్ అసిస్టెంటుకు ఏ పనులు అప్పగించాలి?

ప్రశ్న (గుంటూరు, బ్రాడీపేట)

నేను పదవీ విరమణ చేసిన తెలుగు అధ్యాపకుడిని. రెండేళ్లుగా నెలకు రెండు ఆదివారాలు రాత్రి 9 గంటలకు ఒక కథకుడినో, పరిశోధకుడినో, రంగస్థల నటుడినో జూమ్‌లోకి ఆహ్వానించి గంటన్నరసేపు ముఖాముఖి నడుపుతున్నాను. మాట్లాడించడం నాకు కష్టం కాదు. అయితే అతిథి ఫొటో, పరిచయం తెప్పించుకోవడం, పోస్టరు చేయించడం, లింకు పంపడం, తీరా కార్యక్రమం మొదలయ్యే వేళకు "మాస్టారూ, లింకు తెరుచుకోవడం లేదు" అంటూ వచ్చే ఫోన్లకు సమాధానం చెప్పుకోవడం, ఆ తర్వాత రికార్డింగును యూట్యూబులో పెట్టడం, వీటితోనే వారం గడిచిపోతోంది. అతిథి పుస్తకాన్ని మరొకసారి తిరగేసే తీరిక మిగలడం లేదు.

గత నవంబరు మొదటి ఆదివారం డాలస్‌లో ఉన్న అతిథికి, అక్టోబరులో వేసుకున్న లెక్క ప్రకారం, వారి ఉదయం 10:30 అని చెప్పాను. ఆ తెల్లవారుజామునే అక్కడ గడియారాలను గంట వెనక్కి జరుపుతారన్న సంగతి నాకు తట్టలేదు. ఇక్కడ మేమందరం 9 గంటలకు కూర్చుంటే, ఆవిడ సరిగ్గా నేను చెప్పిన వేళకే, అంటే మన 10 గంటలకు వచ్చారు. తప్పు నాది, అప్పటికి సగం మంది శ్రోతలు వెళ్లిపోయారు.

విజయవాడలో ఇంటి నుంచే ఇటువంటి పనులు చేసిపెట్టే ఒక అమ్మాయి నెలకు 6,000 రూపాయలకు ఒప్పుకుంటోంది. ఏ పనులు అప్పగించాలి? పాస్‌వర్డులు ఇవ్వక తప్పదా?

జవాబు 1 (విజయవాడ, మొగల్రాజపురం)

మాస్టారూ, వైద్యులతో తల్లుల కోసం ఇటువంటి కార్యక్రమమే నేను నడుపుతున్నాను. నాకు ఏడాదిన్నరగా ఒక అసిస్టెంటు ఉంది. మొదటి రెండు నెలలూ వృథా అయ్యాయి. "అన్నీ నువ్వే చూసుకో అమ్మా" అని వదిలేశాను, "అన్నీ" అంటే ఏమిటో ఆ పిల్లకు ఎలా తెలుస్తుంది? తర్వాత ఒక తెల్లకాగితం మీద పదిహేను రోజుల ముందు ఏమి జరగాలి, వారం ముందు ఏమి జరగాలి, ముందు రోజు ఎవరికి ఫోను చేయాలి, ఆ రోజు అరగంట ముందు అతిథి మైకు, కెమెరా, వెనుక నుంచి పడే వెలుతురు ఎవరు సరిచూడాలి అన్నది వరుసగా రాసి ఇచ్చాను. ఆ కాగితం ఇచ్చిన నాటి నుంచి నాకు ఫోన్లు తగ్గాయి.

ఒక్క పని మాత్రం అప్పగించకండి. అతిథికి మొదటి ఫోను మీరే చేయాలి. మా దగ్గర ఒక పెద్దాయనకు, ఎవరిదో తెలియని నంబరు నుంచి "సాయంత్రం 5 గంటలలోగా మీ బయోడేటా, ఫొటో పంపగలరు" అని సందేశం వెళ్లింది. అందులో తప్పు మాట ఒక్కటీ లేదు, అయినా ఆయన నొచ్చుకున్నారు, నేను వెళ్లి బతిమాలుకోవలసి వచ్చింది. మీరు ముందు మాట్లాడి, "మా అమ్మాయి ఫలానా నంబరు నుంచి మిగతా వివరాలు అడుగుతుంది" అని చెబితే ఆ ఇబ్బంది రాదు.

వాట్సాప్ సంగతి కూడా గుర్తుంచుకోండి. బ్రాడ్‌కాస్ట్ సందేశం (ఒకేసారి చాలామందికి విడివిడిగా వెళ్లేది), పంపేవారి నంబరును తమ ఫోనులో దాచుకున్నవారికే చేరుతుంది. మీ శ్రోతల దగ్గర ఉన్నది మీ నంబరు కనుక రిమైండరు మీ ఫోను నుంచే వెళ్లాలి. ఆ అమ్మాయి వాక్యాలు రాసి మీకు పంపితే చాలు.

జవాబు 2 (గుంటూరు, పట్టాభిపురం)

పాస్‌వర్డులు ఇవ్వవద్దు, ఇవ్వవలసిన అవసరమూ లేదు. యూట్యూబ్ స్టూడియో సెట్టింగులలో అనుమతులు అనే చోట ఆమె ఈమెయిలు చేర్చి ఎడిటరు హోదా ఇస్తే, వీడియో ఎక్కించడం, శీర్షిక, వివరణ మార్చడం ఆమె తన ఖాతా నుంచే చేసుకోగలదు, పని మానేసిన రోజున ఆ అనుమతిని తీసివేయవచ్చు. ఉచిత జూమ్‌లో సమావేశం 40 నిమిషాలకే ఆగిపోతుంది కనుక గంటన్నర నడిపే మీరు ఇప్పటికే డబ్బు కడుతూ ఉండాలి. అందులో ఆమెను కోహోస్టుగా, అంటే మీకు తోడు నిర్వాహకురాలిగా పెట్టండి. సమావేశం మీరే మొదలుపెట్టాలి, కానీ వెయిటింగ్ రూమ్‌లో ఉన్నవారిని లోపలికి పిలవడం, కుక్కరు విజిలు వినిపిస్తున్నవారిని మ్యూట్ చేయడం ఆమె చూసుకుంటుంది. మన వేసవిలో కరెంటు పోయి మీ నెట్ తెగినా, హోస్టు బాధ్యత కోహోస్టుకు మారి సమావేశం సాగుతుంది. ఆమె విజయవాడలో ఉండడం ఇందుకు మంచిదే, రెండు ఊళ్లలోనూ ఒకేసారి కరెంటు పోవడం అరుదు.

గడియారం విషయానికి వస్తే, అమెరికాలో మార్చి రెండవ ఆదివారం ముందుకు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి జరుపుతారు. లండన్‌లో మార్చి, అక్టోబరు నెలల చివరి ఆదివారాలు. (అరిజోనాలో చాలా భాగం అసలు మార్చుకోదు, అది మరో తలనొప్పి.) నోటితో వేళ చెప్పడం మానేసి గూగుల్ క్యాలెండరు ఆహ్వానం పంపించండి, అది ఎవరి ఊరి వేళలో వారికి కనిపిస్తుంది.

జవాబు 3 (తాడేపల్లి)

నెల జీతం కాకుండా కార్యక్రమానికి ఇంత అని మాట్లాడుకోవడం మేలని నా అభిప్రాయం. వేసవిలో ఒక నెల ఆపితే ఇద్దరికీ మొహమాటం ఉండదు. ప్రశ్నలు మాత్రం ఆమెతో రాయించకండి. నేను ఒకసారి రాయించాను. మూడవ ప్రశ్నకే అతిథి నవ్వి, "మీరు నా పుస్తకం చదవలేదు కదూ" అన్నారు. నిజంగానే చదవలేదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. కార్యక్రమానికి 3,000 రూపాయల చొప్పున ఆ అమ్మాయి ఒప్పుకుంది. కాగితం రాయడం మొదలుపెట్టాను, ఇప్పటికే రెండు పేజీలు దాటింది. అధ్యాపకుడి అలవాటు పోదు కదా, దాన్ని కొట్టివేసి ఒక పేజీకి తేవాలి. వచ్చే ఆదివారం అతిథిది తెనాలి, గడియారం గొడవ లేదు. మొదటి ఫోను ఈ సాయంత్రం నేనే చేస్తున్నాను.